నచ్చని పాటకు మొదటి బహుమతి

మా పాటల అయ్యవారు పోయారు. కబురు వచ్చేసరికి నేను నెల్లూరు బస్టాండులో కూర్చుని ఉన్నాను. పొద్దంతా ఒక బడిలో పాటల పోటీకి జడ్జీగా ఉండి, బహుమతి రాని పిల్లల తల్లిదండ్రులకు జవాబు చెప్పీ చెప్పీ గొంతు పోయింది. ఫోనులో ఆయన కోడలు, "మామ పోయినాడక్కా, మధ్యాహ్నం" అంది. వస్తున్నానని చెప్పాను. మా ఊరి వైపు వెళ్ళే ఇందుకూరుపేట బస్సు రాగానే ఎక్కాను.

ఆయన హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఊళ్ళో, మా చర్చిలో పాటలు నేర్పింది కూడా ఆయనే. హార్మోనియం మీద నా వేళ్ళు పెట్టించింది ఆయనే. పాత కీర్తనలంటే ఆయనకు ప్రాణం. నిదానంగా, ఒక్కో మాటా విడివిడిగా వినబడేలా పాడాలి. ఎలక్ట్రిక్ డ్రమ్ ప్యాడ్స్ మీద దడదడలాడే కొత్త పాటలు గిట్టవు. అవి మొదలైతే చాలు, కండువా కొసతో చెవులు తుడుచుకునేవారు.

ఏటా క్రిస్మస్ ముందు చుట్టుపక్కల చర్చి సంఘాల పిల్లలకు పాటల పోటీ ఉంటుంది. జడ్జీ ఆయనే. కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, పాడే పిల్లలకు వీపు పెట్టి కూర్చునేవారు. అది మర్యాదగా లేదని పాస్టరు గారు అంటే, ముఖం చూస్తే మార్కు మారిపోతుందని చెప్పేవారు. చప్పట్లు మొదలయ్యేలోపే మార్కు వేసేసేవారు.

ఒక ఏడు ఆయన తమ్ముడి కూతురు పోటీకి వచ్చింది. పెదనాన్నకు అన్నిటికంటే ఇష్టమైన కీర్తన పాడింది. ఆ తర్వాత మైపాడు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, ఆయనకు బొత్తిగా గిట్టని రకం పాట అందుకుంది. మొదటి బహుమతి ఆ అమ్మాయికే ఇచ్చారు. తమ్ముడు రొయ్యల గుంటలు చేసే మనిషి, కోపం దాచుకోలేడు. అందరిలో లేచి నిలబడ్డాడు.

"నీ ఇష్టమొచ్చినట్టు ఇచ్చుకున్నావు గదన్నా."

"నా ఇష్టానికి ఇచ్చుంటే మన పాపకే వచ్చుండేది రా," అన్నారు అయ్యవారు.

తమ్ముడు ఆ తర్వాత ఏళ్ళ తరబడి అన్న గడప తొక్కలేదు.

ఎవరి చెవికి నచ్చింది వాళ్ళకు గొప్ప కదా, మనం తేల్చేదేముందని ఒకసారి నేను అయ్యవారిని అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. ఆ మైపాడు పిల్ల పైకి వెళ్ళినా శ్రుతి వదల్లేదు. మాట మధ్యలో ఊపిరి తెగలేదు. అంత వేగంలోనూ తాళాన్ని దాటి పరుగెత్తలేదు. మన పాప చరణాల చివర జారింది. ఇవి ఒకరి ఇష్టంతో వచ్చేవీ కావు, పోయేవీ కావు. "అంతవరకే నాకు తెలిసేది. ఆ పైన ఉండేది నాకూ తెలీదమ్మా. అందుకే మార్కు వేసేటప్పుడు భయంగా ఉంటది," అన్నారు. ఆ అమ్మాయి పాట మాత్రం తనకు ఇప్పటికీ నచ్చలేదని కూడా అన్నారు.

పోయిన క్రిస్మస్ పోటీలో, ఒక చిన్నపిల్ల పాడి దిగాక, ఆయన కలం కింద పెట్టి లేచారు. పై స్వరాలు తన చెవికి అందలేదని అందరికీ వినబడేలా చెప్పారు. ఎంతో కొంత వేసెయ్యండి, చిన్నబిడ్డే కదా అని పాస్టరు గారు మెల్లగా అన్నారు.

"వినపడని పాటకి మార్కు ఎట్టా వేసేది?"

నన్ను పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు. ఆ పాప చేత మళ్ళీ పాడించాం. వెనక వరసలో ఉన్న తమ్ముడు లేచి వెళ్ళి అన్న పక్కన కూర్చోవడం కిటికీలోంచి చూశాను. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. బండి మీద ఇంటికి తీసుకెళ్ళింది తమ్ముడే. తర్వాత అయ్యవారికి జబ్బు చేస్తే నెల్లూరు ఆసుపత్రికి తిప్పిందీ తమ్ముడే.

అప్పటినుంచి ఆ జడ్జీ పని నా మీద పడింది. అలిసిపోతున్నాను. ఇష్టాన్ని పక్కన పెట్టడం ఒక్కసారి చేస్తే అయిపోయే పని కాదు, ప్రతి పాటకీ మొదటినుంచీ చెయ్యాలి. ఆయన అన్నేళ్ళు ఎలా చేశారో అడిగి ఉండాల్సింది.

మర్నాడు సమాధుల తోటలో ఆ తమ్ముడి కూతురే కీర్తన ఎత్తుకుంది. పెళ్ళయి కావలిలో ఉంటోంది, పొద్దున్నే వచ్చింది. ఏడుపుతో గొంతు పూడుకుపోయి చరణం చివరికల్లా శ్రుతి తప్పింది. అక్కడున్న వాళ్ళందరం ఏడ్చాం. మట్టి వేశాక వాళ్ళ నాన్న నా దగ్గరికి వచ్చాడు.

"పాప బాగా పాడిందా అమ్మా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "శ్రుతి జారిందన్నా," అన్నాను.

"జారింది. నాకూ తెలిసింది," అని తలాడించాడు. కోపం లేదు. "మా అన్న ఉంటే ఆ మాటే చెప్పుండేవాడు."

జనం పలచబడ్డారు. గేటు దగ్గర బోరింగు పంపు కింద ఆ అమ్మాయి కాళ్ళకంటిన ఇసక కడుక్కుంటోంది. వాళ్ళ నాన్న పంపు కొడుతున్నాడు. ఎవరూ వినడం లేదనుకుని ఆ చరణం చివర మళ్ళీ అందుకుంది, సన్నగా, తనలో తాను. వాళ్ళ నాన్న పంపు కొట్టడం ఆపి నిలబడ్డాడు. ఈసారి జారలేదు.