ఎడారి రోడ్డు మీద కాకి కోసం

న్యూజిలాండులో మన కాకులు లేవన్న సంగతి నాకు ఇక్కడికి వచ్చిన నాలుగేళ్లకి గాని తెలియలేదు. ఉన్నది కంటికి కనిపిస్తుంది గాని, లేనిది ఎలా కనిపిస్తుంది? నాన్న పోయిన ఏడాదికి, మొదటి తద్దినం రోజున, హామిల్టన్‌లో మా ఇంటి పెరట్లో అన్నం ముద్ద పెట్టి ఆకాశంలోకి తల ఎత్తినప్పుడు తెలిసింది.

మా నాన్నకి నేనొక్కదాన్నే. కొడుకుల్లేరు. పద్ధతి ప్రకారం అమలాపురంలో ఉన్న మా బాబాయి పెట్టాలి. "మా నాన్నకి నేనే పెడతాను" అని నేను మొండికేశాను. నాకు చిన్నప్పటినుంచీ ముక్కు మీద కోపం. ఎవరైనా ఒక పని నీది కాదంటే అది చేసేదాకా నిద్రపట్టదు. నాన్న పోయాక అమ్మ మా దగ్గరికే వచ్చేసింది. అవుననలేదు, కాదనలేదు. "పెట్టు, చూద్దాం" అంది.

ఆ చూద్దాం అన్నది కాకి గురించి. తద్దినం రోజున నువ్వులూ నెయ్యీ కలిపిన అన్నం ముద్ద ఒకటి ఆకులో పెట్టి ఆరుబయట ఉంచుతారు. వాయసపిండం అంటారు దాన్ని. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తిన్నట్టు. ఆ తరవాతే ఇంట్లోవాళ్లు భోంచేస్తారు. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకి ఏదో కోరిక మిగిలిపోయిందనో, పెట్టినవాళ్ల మీద అలక ఉందనో లెక్క.

మొదటి ఏడు గోరింకలు వచ్చాయి. రెండు నిమిషాల్లో ఆకు నాకేసి వెళ్లిపోయాయి. అమ్మ వాటిని లెక్కలోకి తీసుకోలేదు. రెండో ఏడు మ్యాగ్‌పై ఒకటి కంచె మీద వాలింది. ఇక్కడి మ్యాగ్‌పై నలుపూ తెలుపూ కలిసిన మూరెడు పిట్ట. దారినపోయేవాళ్ల నెత్తిమీద తన్నే రకం. అమ్మ దానికేసి చాలాసేపు చూసి, "సగం కాకి" అంది, కొంచెం ఆశగానే. ఆ సగం కాకి ముద్దని వాసన కూడా చూడకుండా పక్కింటి పురుగుల కోసం వెళ్లిపోయింది. సాయంత్రం నాలుగింటిదాకా చూసి, చివరికి అమ్మ షుగరు మాత్ర గుర్తొచ్చి, నేనే బలవంతాన కంచం ముందు కూర్చోబెట్టాను. ఆవిడ తలవంచుకుని తింది.

ఆ రోజే బాబాయి ఫోను చేశాడు. స్పీకర్లో ఉందని ఆయనకి తెలియదు. "ఆడపిల్ల చేతి పిండం అన్నయ్యకి అందట్లేదు వదినా. వచ్చే ఏడు కూడా ముట్టకపోతే, ఆ పై ఏడు నుంచి నేనే ఇక్కడ పెట్టేస్తాను. దానికి చెప్పు" అన్నాడు. అమ్మ "అలాగే మరిదిగారూ" అంది. నాకు ఒళ్లు మండింది. బాబాయి మీద కాదు, అమ్మ అంత తేలిగ్గా అలాగే అన్నందుకు. నాన్న నా చేతి ముద్ద వద్దన్నాడని ఆవిడ కూడా నమ్ముతోందన్నమాట!

అందుకని మూడో ఏడు నేను కాకిని వెతకడం మొదలుపెట్టాను.

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, బల్లమీద బైనాక్యులర్స్ లేకుండా కూర్చోడు. ఆయన్ని అడిగాను, ఈ దేశంలో కాకి ఎక్కడుంటుందని. ఆయన టీ కప్పు కింద పెట్టేశాడు. "ముప్పై ఏళ్లుగా పక్షులు చూస్తున్నాను. కాకిని చూపించమని ఒకరు అడగడం ఇదే మొదటిసారి" అన్నాడు. రూక్ అనే కాకి జాతి ఇక్కడ కొంచెం ఉందట. విత్తనాలు తవ్వేస్తుందని రైతులకి గిట్టదు, అందుకని చాలావరకూ లేకుండా చేశారు. ఒకటి మాత్రం ఈమధ్య డెజర్ట్ రోడ్డు దక్షిణం కొసన, పైన్ చెట్ల దగ్గర కనిపించిందని ఆయన స్నేహితురాలు చెప్పిందట. వాళ్ల పక్షుల బృందం ఏప్రిల్లో ఒక శనివారం అక్కడికే వెళుతోంది. వాళ్లు వెళ్లేది ఫాల్కన్ కోసం, అంటే ఇక్కడి డేగ. దాని బొమ్మ ఇరవై డాలర్ల నోటు మీద ఉంటుంది గాని, అది మాత్రం ఎవరికీ ఓ పట్టాన కనిపించదు.

ఇంటికొచ్చి పంచాంగం తీశాను. ఆ శనివారమే నాన్న తిథి. నేను ఎగిరి గంతేశాను. మా ఆయన నవ్వాడు. "మామయ్యగారు పిక్నిక్కి ఒప్పుకున్నారన్నమాట" అన్నాడు.

ఆ శనివారం తెల్లవారకముందే లేచి, తలస్నానాలు చేసి, వంట మొదలుపెట్టాం. గారెలు, అరటికాయ కూర, చేమదుంపల పులుసు, పరవాన్నం. అరటికాయలూ చేమదుంపలూ పసిఫిక్ దీవులవాళ్ల కొట్లో దొరుకుతాయి. అరిటాకు మౌంట్ ఆల్బర్ట్‌లో ఉండే స్నేహితులు గడ్డకట్టించి పంపారు. పంచాంగంలో అది వసంతం. బయట చూస్తే వీధంతా ఎర్రటి ఆకులు రాలి ఉన్నాయి. అమ్మ మడికట్టుకుని, దాని మీద నా ఉన్ని కోటు వేసుకుని, గిన్నెలు ఒళ్లో పెట్టుకుని కారెక్కింది. ఏ వంటకం మీదా ఎవరి చెయ్యీ పడకూడదని దారి పొడుగునా మమ్మల్ని అదిలిస్తూనే ఉంది. కారు నిండా గారెల వాసన. తినడానికి లేదు. మూడు గంటలు డ్రైవ్ చేసిన మా ఆయన ఓపికకి ఆ రోజు నేను మనసులోనే దండం పెట్టాను.

ఎడారి అంటే అమ్మ ఇసక, ఒంటెలు అనుకుంది. టౌపో సరస్సు దాటి టురాంగి వదిలాక రోడ్డు పైకెక్కింది. చెట్లు ఒక్కసారిగా పోయాయి. కనుచూపుమేర గోధుమరంగు గడ్డి దుబ్బులు, వాటి మధ్య నల్లటి బొగ్గుపొడిలాంటి నేల, కరెంటు స్తంభాల వరస, పక్కన మంచు కప్పుకున్న పెద్ద కొండ.

"ఇదేం ఎడారే? కొండ మీద మంచుంది. ఇందాక వానకూడా పడింది" అంది అమ్మ.

"అగ్నిపర్వతం బూడిదట అత్తయ్యగారూ. గాలికి ఏమీ నిలవదట" అన్నాడు మా ఆయన.

"మరి కాకి మాత్రం ఎలా నిలుస్తుంది?" అంది ఆవిడ. నేను కిటికీలోంచి కరెంటు స్తంభాల మీద కాకి కోసం వెతికాను.

అక్కడ రోడ్డు దిగొద్దని బోర్డులున్నాయి. సైన్యం తుపాకులు పేల్చి నేర్చుకునే చోటు, పేలని గుండ్లుంటాయట. పక్షుల బృందం రోడ్డు పక్కన కార్లు ఆపుకునే గులకరాళ్ల జాగాలో ఉంది. ఏడెనిమిది మంది, అందరూ మా పెద్దాయన వయసువాళ్లే. మూడు కాళ్ల స్టాండ్ల మీద దుర్బీన్లు. మేం దిగగానే ఒకావిడ మడతకుర్చీలు తెరిచి మాకు వేసింది. మేం ముగ్గురం. ఆవిడ నాలుగు వేసింది.

"మీ నాన్నగారేరి?" అని అడిగింది నన్ను.

నేను పెద్దాయన వైపు చూశాను. ఆఫీసులో ఆయనకి నేను చెప్పింది ఒక్కటే ముక్క, ఆ రోజు నాన్నకి భోజనం పెట్టాలి, కాకి కావాలి అని. ఆయన మిగతాది ఎలా అర్థం చేసుకున్నాడో అలాగే అందరికీ చెప్పాడు. ఇప్పుడు ఏమనాలో తోచక, "ఇంకా రాలేదండీ" అన్నాను. అబద్ధం కాదు కదా. ఆవిడ ఏమందని అమ్మ అడిగితే చెప్పాను. అమ్మ కాసేపు ఆ ఖాళీ కుర్చీని చూసింది. తరవాత ఆ కుర్చీలావిడ చెయ్యి పట్టుకుని తెలుగులో, "చల్లగా ఉండమ్మా" అంది. ఆ చలిలో అంతకన్నా చల్లగా ఎలా ఉంటుందో మా ఆయనకి అనుమానం వచ్చింది గాని, నేను చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు.

అప్పుడు పెద్దాయనకి విషయం వివరంగా చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. టోపీ తీశాడు. అడవి పిట్టలకి తిండి పెట్టడం వాళ్ల పద్ధతి కాదట, కాని ఇవాళ కొండవైపు తిరిగి నుంచుంటానన్నాడు. వెళ్లి మిగతావాళ్లకీ చెప్పాడు. అందరూ దుర్బీన్లు డేగ మీదనుంచి కాకి మీదకి తిప్పారు. పది నిమిషాల్లో పట్టేశారు. దూరంగా పైన్ చెట్టు కొసన నల్లటి చుక్క.

నేను దుర్బీన్లో చూశాను. ముక్కు మొదట్లో తెల్లగా, కాళ్లకి నల్లటి పంట్లాం తొడుక్కున్నట్టు ఉంది. మన కాకి కాదు. కాని కాకే. ఆ తల తిప్పే తీరు, ఆ అనుమానం! ఏళ్ల తరవాత సొంత ఊరి మనిషిని చూసినంత సంతోషం కలిగింది.

మిట్టమధ్యాహ్నం గులకరాళ్ల అంచున అరిటాకు ముక్క పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు రాళ్లు పెట్టి, నా చేత్తో ముద్ద ఉంచి వెనక్కి వచ్చాను. అందరం కార్ల వెనక చేరాం. పావుగంట. అరగంట. కాకి కదల్లేదు.

మా వైపు కాకి రాకపోతే ఊరికే నిలబడరు. పోయినవాళ్లకి మాటిస్తారు. చెల్లి పెళ్లి చేస్తాం, పొలం అమ్మం, ఏది మనసులో ఉంటే అది. మాట సరైనదైతే కాకి వస్తుంది. అమ్మ మొదలుపెట్టింది.

"మీ పుస్తకాలు ఎవరికీ ఇవ్వనండి. బీరువాలోనే ఉంటాయి."

కాకి రాలేదు.

"మామయ్యగారూ, వెయిట్ తగ్గిస్తాను" అన్నాడు మా ఆయన.

"షుగరు మాత్రలు మానను. చిలకడదుంప ముట్టుకోను. పండక్కి కూడా" అంది అమ్మ. అది మాత్రం గట్టి ప్రమాణమే. కాకి చెట్టు మీదనుంచి లేచింది! కంచె గుంజ మీద వాలింది. అక్కణ్ణుంచి నేలమీదకి దిగి, పక్క పక్కకి గెంతుతూ ముద్దవైపు రాసాగింది. ఇంకో పదడుగులు వేస్తే చాలు.

అప్పుడు ఎక్కణ్ణుంచో ఒక బాణం దూసుకొచ్చింది. గోధుమరంగు రెక్కలు, ఒక్క కీచు కేక. కాకి బతుకుజీవుడా అని అరుచుకుంటూ కొండవైపు పారిపోయింది, దాని వెనక డేగ. రెండూ చుక్కలై మాయమయ్యాయి. నా చుట్టూ ముసలివాళ్లందరూ పిల్లల్లా గంతులేస్తున్నారు. ఒకాయన కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆయన అంత దగ్గరగా డేగని చూడటం జన్మలో అదే మొదలట.

నాకు మాత్రం తల తిరిగిపోయింది. ఎవరున్నారో చూసుకోకుండా, ఆ ఎడారికి ఎదురుగా నిలబడి తెలుగులో అరిచాను. "నాన్నా! ఏంటిది? ఎన్నాళ్లు ఈ అలక? ఆ రోజు నేను వేళకి రాలేదనేనా? మూడు విమానాలు మారి పరిగెత్తుకొచ్చాను. అప్పటికే అంతా అయిపోయింది. నేనేం చెయ్యను? నా చేత్తో పెట్టాను. వచ్చి తిను!"

గంతులు ఆగిపోయాయి. నేను ముఖం కప్పుకుని ఏడ్చాను.

అమ్మ నా భుజం తట్టింది. "చూడవే" అంది.

పిచ్చుకకన్నా కాస్త పెద్దది, మట్టిరంగు పిట్ట. గులకరాళ్ల మధ్య పరిగెత్తుతూ, ఆగుతూ, తోక కిందకీ పైకీ ఊపుకుంటూ వస్తోంది. మనుషులంటే బెరుకే లేదు. తిన్నగా ఆకు దగ్గరికొచ్చి, ఒక మెతుకు తీసుకుంది. ఆగి, ఇంకోటి. పెద్దాయన నా చెవిలో, "పిపిట్. ఇక్కడ మామూలు పిట్టే" అన్నాడు, తనే తప్పు చేసినవాడిలా.

"ముట్టారు" అంది అమ్మ.

"అమ్మా, అది కాకి కాదు."

"తెలుసు."

"మరి గోరింకలు తిన్నప్పుడు ఒప్పుకోలేదేం?"

"వాటిని ఎవరు పిలిచారే? అన్నం ఉంటే వచ్చాయి. ఇవాళ నువ్వు నాన్నా అని పిలిచావు, ఇది వచ్చింది. రెండేళ్లూ నువ్వు నోరు మెదపలేదు. ఎవరు పెట్టారో ఆయనకెలా తెలుస్తుంది?" ఆవిడ కోటు చేతులు పైకి మడిచింది. "పద, ఆకులెయ్యి. పాపం ఈ పెద్దవాళ్లందరూ నిలబడే ఉన్నారు."

ఆ మధ్యాహ్నం డెజర్ట్ రోడ్డు పక్కన పదకొండు మంది గారెలు తిన్నాం. ఒకాయన అయిదు తిని, పక్షుల నోటుపుస్తకంలో గారె బొమ్మ గీసుకున్నాడు.

ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. అమ్మ కాళ్లు కడుక్కుని, తనే కాలింగ్ కార్డు గీకి, అమలాపురం ఫోను చేసింది. స్పీకరు కూడా తనే నొక్కింది. నేను సింకు దగ్గర గిన్నెలు తోముతున్నాను.

"ముట్టారు మరిదిగారూ" అంది.

"కాకేనా వదినా? సరిగ్గా చూశారా?"

"నలభై ఏళ్లు వండిపెట్టాను. మీ అన్నయ్య తింటుంటే నాకు తెలీదా?" అంది అమ్మ. "వచ్చే ఏడు మీరేమీ పెట్టుకోకండి. ఇక్కడ పిల్ల పెడుతుంది. మా ఇద్దరికీ అదే పెడుతుంది."