అమ్మ మసకగా పడిన ఫొటో

నాకు కంగారు పుట్టుకతో వచ్చింది. పాలు పొంగకముందే పొంగిపోతాయేమోనని పొయ్యి దగ్గర కాపలా కాసే రకం నేను. అలాంటిదాని చేతిలో మా మావ కెమెరా పెట్టాడు. మావంటే అమ్మ తమ్ముడు, సాలూరులో లారీ నడిపేవాడు. దూరపు ట్రిప్పుకి వెళ్లినప్పుడు ఎవరి దగ్గరో పాత కెమెరా కొన్నాడు. కొన్ని రీళ్లు పాడుచేసి, విసుగెత్తి నాకు పడేశాడు.

"ఒసే కోడలా, దీనికో కన్నున్నాది సూడు," అని ముందున్న రింగు తిప్పాడు. "నంబరు పెంచితే కన్ను సిన్నదవుతాది. అప్పుడు ముందున్నోడూ యెనకున్నోడూ ఒక్కలాగే తేటగా పడతారు. నంబరు తగ్గిస్తే కన్ను పెద్దదవుతాది. నువ్వు ఎవడి మీద పెట్టేవో ఆడే తేట, మిగతావోళ్లు మసక."

"కన్ను పెద్దదైతే ఎక్కువ కనబడాల కదా మావా?"

"కనబడదు. ఎందుకని అడక్కు, నాకు తెల్దు."

అది నాకు అన్యాయంగా తోచింది. అక్కడితో అయిపోయిందా అంటే, లేదు. కన్ను చిన్నదైతే వెలుతురు తక్కువ వెళ్తుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. అంతసేపూ ఎవరూ కదలకూడదు. మా ఇంట్లో కదలకుండా ఉండే మనిషి ఒక్కరూ లేరు.

అప్పుడే అన్నయ్యకి మిలట్రీలో ఉద్యోగం వచ్చింది. యుద్ధం మాట మా ఊళ్లో ఇంకా పాతబడలేదు. ఎచ్చెర్ల అవతల ఒక పల్లె మాది. అక్కడినుంచి ఆమదాలవలస వెళ్లి రైలెక్కితే మళ్లీ ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు. ఇంట్లో వాళ్లంతా ఉన్న ఫొటో జేబులో పెట్టుకుని వెళ్తానన్నాడు. "అమ్మ తప్పకుండా పడాల" అని మరీ మరీ చెప్పాడు. ఆ మాట విని కెమెరా మీది అంకె చూసుకున్నాను. రీలులో ఇంకొక్క ఫొటోయే మిగిలింది.

శ్రావణ మాసం, పొద్దుట్నించీ మబ్బు. వసారాలో పెద్దనాన్న కుర్చీలో కూర్చున్నాడు. ఒక పక్క నాన్న, ఒక పక్క అన్నయ్య. అమ్మ మాత్రం వీధిగుమ్మం లోపల, తలుపు చాటున నిలబడింది. పెద్దనాన్న ఆవిడకి బావగారు. బావగారి వరసలో నిలబడడం మా ఇళ్లలో లేదు.

"అమ్మా, ఇవతలికి రా. అక్కడుంటే మసగ్గా పడతావు."

"నానిక్కడే బాగున్నాను. నువ్వు తియ్యే."

పెద్దనాన్న తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడడు. స్తంభం వైపు చూస్తూ, "రమ్మను. ఫొటోకి వరసలేటి?" అన్నాడు. ఆ గొంతు వినగానే అమ్మ మర్యాదగా ఇంకో అడుగు వెనక్కి వేసింది. ఆయన పాపం తనే కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు, ఆమెకి దగ్గరవుతుందని. ఆయన జరిగినంతా అమ్మ కూడా జరిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. చివరికి అన్నయ్య వెళ్లి చెయ్యి పట్టుకుని లాగితే గడప దాకా వచ్చింది, గడప దాటలేదు.

కన్ను చిన్నది చేస్తే అమ్మ కూడా తేటగా పడుతుంది. కానీ ఈ మబ్బులో అంతసేపు తెరిచి ఉంచాలంటే నా చేతులు వణక్కుండా ఉంటాయా? పెద్దనాన్నకి దగ్గు రాకుండా ఉంటుందా? కన్ను పెద్దది చేస్తే ఆ భయం లేదు, అమ్మ ఒక్కతే మసక. రింగు అటు తిప్పాను, ఇటు తిప్పాను. పెద్దనాన్న గొంతు సవరించుకున్నాడు. అది విని కన్ను పెద్దది చేసేసి, దూరం అన్నయ్యకి సరిచేసి, ఊపిరి బిగబట్టి నొక్కేశాను.

శ్రీకాకుళం స్టూడియోలో కడిగించి తెస్తే అది పేకముక్కంత ఉంది. అందులో అమ్మ ఉంది, నవ్వు ఆపుకుంటున్న పెదాలతో సహా. నమ్మలేక మళ్లీ మళ్లీ చూశాను. అన్నయ్య దాన్ని జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నా ప్రాణం కుదుటపడింది.

అది ఎన్నాళ్లో నిలవలేదు. కొడుకు మీద బెంగతో నాన్న స్టూడియోలో ఫిల్ము ఇచ్చి అదే ఫొటోని పెద్దది చేయించి, అద్దం కట్టించి తెచ్చాడు. దాన్ని చూడగానే అమ్మ గతుక్కుమంది.

"బతికున్నోళ్లకి అంత ఫొటో ఎందుకు? దండెయ్యడానికా?"

అయినా చూడకుండా వదల్లేదు. నాన్న దాన్ని ముందుగదిలో గుమ్మానికి ఎదురుగోడకి తగిలించగానే దగ్గరికి వెళ్లి, బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు చూసినట్టు చూసింది. అన్నయ్య చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టొచ్చు. అమ్మ మొహం ఉండాల్సిన చోట తెల్లగా అలుక్కుపోయింది.

"నా మొగం సెరిగిపోయినాదేటే?"

చెరిగిపోవడమనే మాట మా ఇళ్లలో ఊరికే అనరు. బొట్టు చెరిగినా "సరిచేసుకో" అంటారు గానీ ఆ మాట వాడరు. అమ్మ భయం తన గురించి కాదు.

"ఆడి జేబులో ఉన్నదాన్లోనూ ఇలగే ఉన్నానేటి? ఆడు తీసి సూసుకుంటే అమ్మకి మొగం నేదా?"

ఆ రోజు నుంచి ముద్ద సరిగ్గా దిగలేదు ఆవిడకి. అన్నయ్య దగ్గర్నుంచి కబురు ఆలస్యమైతే చాలు, ఆ ఫొటో ముందుకెళ్లి నిలబడేది. ఆవిణ్ణి చూసి నేనూ తినడం మానేశాను.

"అది చిన్నదమ్మా," అన్నాను ఒకరోజు. "చిన్నదాన్లో మసక కంటికి ఆనదు. పెద్దది చేస్తే మసక కూడా పెద్దదవుతుంది. అందులో నువ్వు బాగానే ఉన్నావు, నేను చూశాను కదా."

"సిన్నదైతే మసక పోతాదేటి? మసక మసకే. నన్ను మబ్యపెట్టకు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆవిడ భుజాలు పట్టుకుని, ఫొటో వైపే చూడమని, వెనక్కి నడిపించాను.

"ఇప్పుడు?"

"నేదు."

ఇంకాస్త వెనక్కి. "ఇప్పుడు?"

"కళ్లున్నాయి. నోరు నేదు."

ఇంకా వెనక్కి, ఇంకా వెనక్కి. మడమలు గడపకి తగిలి ఆగింది. ఫొటోలో తను నిలబడిన గుమ్మమే అది. కళ్లు చిట్లించి చూసింది. ఆవిడ భుజాలు నా చేతుల కింద వదులయ్యాయి.

"ఆఁ. ఒచ్చేను," అంది. "నవ్వుతన్నాను కూడా."

గెలిచానని నాకు సంబరమైంది. ఆ సంబరంలో, దూరం నుంచి చూస్తే పెద్దదైనా చిన్నదైపోతుందని, జేబులోదీ ఇదీ ఒక్కటేనని గడగడా చెప్పుకుపోయాను. అమ్మ వింటోందో లేదో తెలియలేదు. ఫొటో మీంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"అంటే ఏటే, దూరంగా ఉంటేనే నాను తేటగా కనబడతానా ఆడికి?"

వంటింట్లోంచి పాలు పొంగి మాడిన వాసన వచ్చింది. ఇద్దరం కదల్లేదు.