యాదమ్మ నోటికి తాళం వేసిన సంతకం

నిన్న పొద్దున తార్నాక సిగ్నల్ దగ్గర ఉండగా ఫోన్. యూనివర్సిటీ క్యాంపస్‌లో పసిపిల్లల్ని చూసుకునే క్రెష్‌లో ఆయా, యాదమ్మ.

"నిద్రలనే విమల మేడం పాణం పోయిందట సారూ. వస్తవా, ఇంక గదే కోపమా?"

బండి పక్కకు ఆపేశాను. 

అవును, కోపమే. ఏడాదిగా మేడమ్‌తో మాట్లాడలేదు.

విమల మేడమ్ ఆ క్రెష్ ఇన్‌ఛార్జి. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఇంత వేడి మీద ఉన్నా మా స్నేహానికి అది అడ్డు రాలేదు.

అదే క్రెష్‌కు వెళ్లే మా పాపకు రెండున్నరేళ్లు దాటినా మాటలు రాలేదు. నేనేమో క్యాంపస్‌లో మైకు పట్టుకుని మన భాష, మన యాస అని గంటలకొద్దీ స్పీచ్‌లు. ఇంటికొచ్చి "బువ్వ తింటవా?" అని పాపను అడిగి, "తింటది, తింటది" అని జవాబు కూడా నేనే చెప్పేవాణ్ణి.

ఒకరోజు మా ఇంటికొచ్చినప్పుడు మేడమ్ చూశారు.

"ప్రశ్నా నీదే, జవాబూ నీదే అయితే పిల్లకింక పనేముందయ్యా? అడిగి, మనసులో పది లెక్కపెట్టు. ఇదేం ధర్నా కాదుగా."

నాకు చాలా కష్టమైంది. వారం తర్వాత, లెక్క ఎనిమిది దగ్గర ఉండగా, పాప అంది: "ఒద్దు. పప్పు ఒద్దు."

ఆయాలకూ ఇదే నేర్పారు. యాదమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ "గిది పుచ్చు. మరి గిదేంది బిడ్డా?" అని ఆగేది. పిల్లలు ఎగబడి చెప్పేవాళ్లు.

పోయినేడు కొందరు ప్రొఫెసర్లు కంప్లైంట్ చేశారు, తమ పిల్లలకు ఆయాల యాస అంటుకుంటోందని. గోడకు నోటీసు పడింది. ఆయాలు పిల్లలతో మాట్లాడకూడదు. టీచర్లే, అదీ ఇంగ్లిష్‌లో.

కింద సంతకం విమల మేడమ్‌ది.

నిలదీశాను. "సెంటర్ మూసేస్తామన్నారయ్యా" అన్నారు.

యాసను వెక్కిరించేవాళ్లు నాకు కొత్త కాదు. వాళ్లతో కొట్లాడగలను. కానీ మీరు కూడానా, మేడమ్? ఆ మాటలను పిల్లల నోట పలికించిన మీరే?

నిన్న మల్కాజ్‌గిరిలో మేడమ్ ఇంటి బయట యాదమ్మను అడిగాను, నీకు కోపం లేదా అని.

"నేను మాట్లాడుడు బంద్ చేస్తే గద సారూ. చాటుకు మాట్లాడిన. మేడం కిటికీల నుంచి ఇనేది. ఇని, చప్పుడు చేయక పోయేది."

అది విన్నాక ఇంకా మండింది. మంచితనమంతా కిటికీ అవతల, సంతకం మాత్రం గోడ మీద. మా పిల్లలు మా మాటలను దొంగచాటుగా నేర్చుకోవాలా?

సోమవారం నేనూ యాదమ్మా వెళ్లి ఆ నోటీసు చించేస్తాం. ఆ పని మీరే చేసి ఉంటే, ఈ ఏడాదంతా మీ ఇంట్లో చాయ్ తాగుతూ ఉద్యమం గురించి మీతో పోట్లాడేవాణ్ణి.

వెళ్లిరండి మేడమ్. మీకు శాంతి దొరకాలి.

నాకు ఇప్పట్లో దొరకదు.