శానా కొత్తది

దయ్యాల కథ చెప్పేవాళ్లను నేను అడిగేది ఒకటే: రుజువు ఎక్కడ రాసి ఉంది? నమ్మకం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఈసారి రుజువు నా దగ్గరే ఉంది.

పెన్ డ్రైవ్‌లు కొత్తగా వచ్చిన రోజులు. కర్నూలులో నేను, ఖాజా, ఓబులేసు ఒక బ్లడ్ బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. రక్తం సంచి మీద గ్రూపు లేబుల్ ముద్రించడం దాని పని. లేబుల్ తప్పితే ప్రాణం పోతుంది.

కోడ్ ఫోల్డర్లలో ఉండేది, పెన్ డ్రైవ్‌లో ఒకరి నుంచి ఒకరికి తిరిగేది. 'కొత్తది', ఆ తర్వాత 'శానా కొత్తది'. ఒకసారి నేనూ ఖాజా ఇద్దరం 'శానా కొత్తది' అనే పెట్టుకున్నాం. నాది అతని దాని మీద కాపీ అయింది. అతని వారం రోజుల దిద్దుబాట్లు పోయాయి.

ఖాజా కోప్పడలేదు. "కోడంతా ఒక్క చోట పెట్టే సర్వర్ తెద్దామప్పా. ఎవరు మార్చినారు, ఎప్పుడు, ఎందుకు, అన్నీ అదే చెప్తాది" అన్నాడు.

ఆ నెలలోనే బైకు ప్రమాదంలో పోయాడు.

నేను పట్టుబట్టి ఆ సర్వర్ పెట్టించాను. ఉన్న కోడంతా నా పేరుతోనే ఎక్కించాను. బిల్డ్ నొక్కితే సర్వరే ప్రోగ్రామ్ తయారుచేసి, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి మేం రాసిపెట్టిన పరీక్షలన్నీ నడుపుతుంది. ఒక్కటి తప్పినా ఆగిపోతుంది. లాగిన్లు రెండే: నాది, ఓబులేసుది.

అప్పగించాల్సిన రోజు, ఉదయం పదకొండింటికి బిల్డ్ నొక్కాను. ఆగిపోయింది.

"ఏమప్పా, నీ సర్వర్‌కు దిష్టి తగిలిందా? నిమ్మకాయ కడదామా?" అని ఓబులేసు నవ్వాడు.

తప్పిన పరీక్ష నేను రాసింది కాదు. రెండోసారి రక్తమిచ్చే దాతది నెగెటివ్ గ్రూపు అయితే, లేబుల్ మీద పాజిటివ్ పడుతోంది. ఖాజా ఒకసారి దిద్దిన తప్పే అది; పోయిన దిద్దుబాట్లలో ఒకటి. ఆ పరీక్ష ఎవరు పెట్టారో సర్వర్‌లో తెరిచి చూశాను.

మార్చినవారు: ఖాజా. సమయం: ఆ ఉదయం పది నలభై. కారణం: 'ఈడ చూడప్పా.'

ఓబులేసు నవ్వు ఆగిపోయింది. "నేను కాదప్పా. అమ్మతోడు."

ఈ రోజు ఇవ్వలేమని బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేశాను. అరిచారు. అరవనిచ్చాను. మూడు రోజులు కూర్చుని దిద్ది, ప్రతి గ్రూపు లేబులూ ముద్రించి కళ్లతో చూశాకే ఇచ్చాను.

తర్వాత వెతికాను. ఖాజా పేరుతో లాగిన్ ఎప్పుడూ లేదు. అతని కంప్యూటర్‌ను అంతకుముందే నేనే ఫార్మాట్ చేశాను. పది నలభైకి నేనూ ఓబులేసూ కింది హోటల్లో ఉగ్గాని తింటున్నాం. గదికి తాళం వేసి ఉంది, తాళంచెవి నా జేబులో ఉంది.

ఆ పరీక్షను నేను తీసేయలేదు. ప్రతి బిల్డ్‌లోనూ నడుస్తుంది.

ఎవరు, ఎప్పుడు, ఎందుకు. ఖాజా అన్నట్టే సర్వర్ మూడూ చెప్పింది. ఎందుకో నాకు అర్థమైంది. మిగతా రెండూ ఇప్పటికీ అర్థం కాలేదు.