తొమ్మిదో పూత

కోత పండగ ఇంకా పదిహేను రోజులుందనగా పాస్టరు గారి స్కూటరు వచ్చి ప్రేమ్ కుమార్ మాస్టారింటి ముందు ఆగుతుంది. మూడేళ్ళుగా ఇదే వరస. పాస్టరు గారు నేరుగా ఇంటి పక్కనున్న రేకుల షెడ్డులోకి వెళ్ళి, దిమ్మల మీద కూర్చున్న పడవ చుట్టూ ఒకసారి తిరిగి, దాని పక్క చెక్కని అరచేత్తో నిమురుతారు.

"అద్దంలా ఉందండి మాస్టారూ. ఈ యేడు అయిపోయినట్టేనాండి?"

"ఆయ్, అయిపోయినట్టేనండి. ఒక్క పూత ఉండిపోయిందంతే."

పాస్టరు గారు మర్యాదస్తులు. ఎన్నో పూత అని అడగరు. మాస్టారి భార్య సరోజినమ్మ ఇచ్చిన టీ తాగి, చిన్న ప్రార్థన చేసి వెళ్ళిపోతారు. పండగ వస్తుంది, వెళుతుంది, పడవ మాత్రం షెడ్డులోనే ఉంటుంది. ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. దర్జీ జాకెట్టు ఆలస్యం చేసినా, తాపీమేస్త్రి గోడ సగంలో వదిలేసి పోయినా "ఏంటయ్యా, మాస్టారి పూతా?" అని అడగడం అక్కడ మామూలైపోయింది.

ప్రేమ్ కుమార్ గారు హైస్కూల్లో క్రాఫ్టు మాస్టారుగా చేరారు. పిల్లల చేత పీటలు, స్కేళ్ళు, పెన్నుల స్టాండ్లు చేయించారు. తర్వాత క్రాఫ్టు పీరియడు ఎగిరిపోయింది. ఉలి పట్టుకోవలసిన మనిషి చేత మధ్యాహ్న భోజనాల లెక్కలూ, ఓటర్ల జాబితాలూ రాయించి పదమూడేళ్ళు గడిపించారు. ఆయన కిక్కురుమనకుండా అన్నీ రాశారు. రిటైరైన మర్నాడు మాత్రం ఇంటి పక్క షెడ్డు వేయించి, పెట్టెలో మూలుగుతున్న పనిముట్లన్నీ బయటకు తీశారు. ఏం చేస్తారండీ అని అడిగితే పడవలన్నారు. చిన్నతనంలో ఆయన గోదావరి మధ్యనున్న లంక నుంచి బడికి తెరచాప పడవలో వచ్చేవారు. గాలి పట్టుకున్న గుడ్డ కింద కూర్చున్న ఆ సుఖం మళ్ళీ ఏ బస్సులోనూ దొరకలేదని ఆయన బాధ.

మొదట రెండు చిన్నవి చేశారు. ఒకటి ఎవరో ఫంక్షను హాలు వాళ్ళు కొనుక్కుపోయి, గుమ్మం దగ్గర పెట్టి నిండా చామంతులు పోశారు. రెండోది క్రిస్మస్ నాటకంలో వేదికెక్కి, ఆ తర్వాత చర్చి వెనక గదిలో కుర్చీల కింద చేరింది. చూసినవాళ్ళందరూ బొమ్మలా ఉందన్నవాళ్ళే. ఆ మాట మెచ్చుకోలని ఆయనకు తెలుసు. తెలిసినా లోపల చురుక్కుమనేది.

మూడో పడవకి చెక్క కోస్తుండగా రంపం మిషను ఆయన కుడిచేతి మీదకి వచ్చింది. సరోజినమ్మ ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి. చీర చెంగు చింపి కట్టుకట్టి, ఆటోలో కూర్చోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. రెండు వేళ్ళు ఇక వంగవేమో అన్నారు డాక్టర్లు. నాలుగు నెలల తర్వాత ఆ వేళ్ళు వంగాయి, ఉలిని పట్టుకున్నాయి. ఆ ఆదివారం సరోజినమ్మ చర్చిలో సంఘమంతా వింటుండగా లేచి సాక్ష్యం చెప్పింది. "ఆ చెయ్యి బాగైతే, ఆ చేత్తో పూర్తిచేసిన మొదటి పడవ కోత పండగకి ఇస్తానని మొక్కుకున్నానండి. దేవుడు విన్నాడండి." అందరూ ఆమెన్ అన్నారు. మాస్టారు కూడా అన్నారు. ఆయనకి మొక్కు సంగతి తెలిసింది అప్పుడే.

అక్కడ పడింది చిక్కు. పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఒక్క తెరచాప. పాత పెంకుటిల్లు విప్పుతుంటే కొన్న టేకు, బాగా చేవదేరిన చెక్క. ఈ పడవ ఎవరికీ అమ్మకూడదనీ, తానే చుక్కాని పట్టుకుని గౌతమి మీద తిరగాలనీ ఆయన మొదటి చెక్క కోసిన రోజే అనుకున్నారు. ఇప్పుడు పూర్తయితే ఇచ్చెయ్యాలి. అందుకని పూర్తి కానివ్వలేదు. వార్నిషు ఒక పూత వేసి, ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ పూత. నాలుగు పూతలు చాలు పడవకి. ఆయన ఎనిమిది వేశారు. నీళ్ళలో దింపితే పూర్తయినట్టే లెక్క కాబట్టి దింపనూ లేదు. అలా ఇవ్వకుండా ఆపుకున్నారు సరే, ఎక్కకుండా కూడా తనను తానే ఆపుకున్నారు. ఇంత తెలివి బడిలో చూపించి ఉంటే హెడ్మాస్టరు అయ్యేవారు.

సరోజినమ్మ మూడేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టేది.

ఈ యేడు ఎండలు ఏప్రిల్లోనే ముదిరాయి. రెండో పంట దాళ్వా కోతలయ్యాయి, కాలువలకి నీళ్ళు ఆపేశారు. రోజూ పాలు పోసే ఎలీసమ్మ ఒక పొద్దున గిన్నె గుమ్మంలో పెట్టి షెడ్డులోకి తొంగిచూసింది. ఎలీసమ్మది అదే సంఘం. మొగుడు పోయి ఆరేళ్ళు. మూడు గేదెలు, వాటి గడ్డి కోసం రోజూ ఏటికి అడ్డంగా లంకలోకి పోవడం, అదీ ఆమె బతుకు. ఆమె పాత పడవ అడుగు పుచ్చిపోయి, అటు పోయేటప్పుడు సగం దూరం తొయ్యడం, సగం దూరం నీళ్ళు తోడడంగా ఉంది.

"మాస్టారండీ, ఇలా రండి ఓసారి," అని పిలిచి, పడవ కింద వంగి, అడుగు చెక్కల వైపు వేలు చూపించింది. "అవతల వెలుగు కనపడతందండి."

మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని చూశారు. రెండు చెక్కల మధ్య సన్నని తెల్లటి గీత. ఇంకోచోట ఇంకోటి. నూలూ గుగ్గిలమూ కూరి మూసిన సందులు ఎండకి విచ్చుకున్నాయి.

"మళ్ళీ కూరతాను," అన్నారు.

"కూరితే ఏం లాభవండి? నీళ్ళు తాగితేనే చెక్క ఉబ్బుద్దండి, సందు మూసుకుంటది. ఏట్లో ముంచేసి నాలుగు రోజులుంచాలండి. ఇంకో రెండు వేసవులు ఇలాగే ఎండబెట్టేరంటే పొయ్యిలోకి తప్ప దేనికీ రాదండి." గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. కల్లాకపటం లేని మనిషి, ఉన్నమాట అనేసింది.

ఆ రోజు మాస్టారు భోజనం సరిగ్గా చెయ్యలేదు. చారు పోసుకుని కూర్చున్నారు.

"ఎలీసమ్మ నాతోనూ చెప్పిందండి," అంది సరోజినమ్మ. చారుగిన్నె మీద మూత పెడుతూ మళ్ళీ తనే అంది. "తప్పు నాదేనండి. ఆ రోజు ఆస్పత్రి వరండాలో ఒక్కదాన్నే ఉన్నాను. భయమేసింది. ఏదన్నా ఇస్తానని చెప్పాలి కదా. నా దగ్గరున్నవి ఏవి తల్చుకున్నా చిన్నవిగానే కనపడ్డాయి. మీకు దేనిమీద ప్రాణమో అదిస్తానన్నాను. నాది కాని దాన్ని మొక్కేసేను."

మాస్టారు చారన్నం కలుపుతూనే ఉన్నారు.

"వచ్చే ఆదివారం లేచి చెప్పేస్తానండి. మొక్కు నాది, పడవ ఆయనది, నేను ఇవ్వలేకపోతున్నాను అని. నా గాజులిచ్చేస్తాను. మీరు దాన్ని ఏట్లో దింపుకోండి. పాడైపోకముందే ఎక్కండి."

ఆవిడ సాధిస్తున్నట్టు అనలేదు. నిజంగానే చెప్పేస్తుంది, ఆ సంగతి ఆయనకు తెలుసు. అంతమంది ముందు తెల్లచీర కట్టుకుని లేచి నిలబడి, దేవుడికిచ్చిన మాట తప్పానని తన నోటితో చెప్పుకునే సరోజినిని ఆయన ఊహించుకున్నారు. ఇన్నాళ్ళూ పూతల వెనక తాను దాక్కుంటే, ఆ నింద మోసింది ఆవిడ. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

"ఏం చెప్పక్కర్లేదు," అన్నారు. "ఒక్క పూత వేసి దింపేద్దాం."

ఆ తొమ్మిదో పూత నిజంగానే ఆఖరిది.

పూత ఆరాక పడవని చిన్న ట్రక్కులో ఏటి ఒడ్డుకి చేర్చి, ఇసుక బస్తాలు వేసి ముంచారు. మూడేళ్ళు మెరుగుపెట్టిన పడవ బురదనీళ్ళలో అంచుదాకా దిగిపోతుంటే బట్టలుతికేవాళ్ళు పని ఆపి నవ్వారు. ఆయన నాలుగు రోజులూ పొద్దున్నే వెళ్ళి నీళ్ళలోకి చూసి వచ్చారు. అయిదో రోజు బస్తాలు తీసి, నీళ్ళు తోడి వదిలితే పడవ తేలింది. లోపల ఒక్క చుక్క ఊరలేదు.

ఎలీసమ్మ తాడు పట్టుకుని నిలబడింది. "ఎక్కండి మాస్టారూ, తెరచాప ఎత్తండి. గాలి బాగుంది."

ఆయన నీళ్ళలో నడుము లోతున నిలబడి చాలాసేపు పడవ అంచు పట్టుకున్నారు. తర్వాత తల అడ్డంగా తిప్పారు. ఒకసారి ఎక్కితే ఇక ఇవ్వలేనని ఆయనకి స్పష్టంగా తెలిసింది.

కోత పండగ నాడు ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో వేలం పాట జరుగుతుంది. ఎవరి పంటలో తొలిఫలం వాళ్ళు తెచ్చి ఇస్తారు. గుమ్మడికాయలు, చక్కెరకేళి గెలలు, కోడిపుంజులు, కుంచాల్లో కొత్త ధాన్యం. అన్నీ పాడుకున్నాక చివర్లో పడవ వంతు వచ్చింది. రావులపాలెంలో ఫంక్షను హాలున్న శివప్రసాద్ అనే ఆయన ఎవరో స్నేహితుడితో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. చెయ్యెత్తి పది వేలన్నాడు. నిజం చెప్పాలంటే మాస్టారి మనసు ఆయన వైపే మొగ్గింది. ఈయన కూడా చామంతులు పోస్తే పోశాడు, నీడ పట్టున ఉంటుంది, వార్నిషు చెదరదు.

"పన్నెండండి," అని వెనకనుంచి ఎలీసమ్మ గొంతు వినిపించింది.

ఆ పాటకి ఒక పద్ధతుంది. బతుకు గడవడానికి ఎవరికైనా ఒక వస్తువు కావాలని తెలిస్తే, వాళ్ళు పాడాక ఇంకెవరూ నోరెత్తరు. ఇది ఎక్కడా రాసిలేదు. శివప్రసాద్‌కి తెలియక పదిహేను అన్నాడు. అరవైమంది ఒక్కసారి ఆయన వైపు తిరిగి చూశారు. ఆయన అటూ ఇటూ చూసి, మెల్లగా చెయ్యి దించి, "నాకొద్దులెండి, ఆవిడకే," అన్నాడు. పాస్టరు గారు మూడుసార్లు పిలిచి పాట ఎలీసమ్మ పేరున కొట్టేశారు.

సాయంత్రం ఎలీసమ్మ ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడి నసిగింది.

"మాస్టారండీ, తప్పుగా అనుకోకండి. లోపలంతా నున్నగా ఉందండి. గడ్డిమోపు నెత్తినెట్టుకుని అడుగేస్తే కాలు జారిపోద్దండి. కాత్త గరుకు చేసిపెట్టరా? నేను చేసుకుంటే పాడుచేస్తానేమోనని."

మాస్టారికి ముందు కోపమొచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ రెంటి తర్వాత వచ్చింది దుఃఖమే. అయినా మర్నాడు గరుకు కాగితం పట్టుకుని ఏటి ఒడ్డుకి వెళ్ళారు. పడవలో గొంతుక్కూర్చుని, తాను వేసిన తొమ్మిది పూతల్నీ తానే అరగదీశారు. పసుప్పచ్చని పొడి రాలింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే పొడి పడిందనుకోనీ అని తుడుచుకోలేదు. సరోజినమ్మ వచ్చి ఎదురుగా కూర్చుని ఇంకో కాగితం అందుకుంది. మధ్యాహ్నానికి చెక్క మళ్ళీ చెక్కలా కనపడింది.

ఆ మర్నాడు తెల్లవారుతూనే ఎలీసమ్మ గడ వేసుకుంటూ లంకకి పోయింది. మాస్టారు ఒడ్డున చెప్పుల మీద కూర్చున్నారు. ఇంటికి వెళ్ళలేకపోయారు. ఎండ ముదిరాక దిగువ నుంచి గాలి లేచింది. లంక మలుపులో తెరచాప కనపడింది. నిండుగా, ఒక పక్కకి ఒరిగి, గడ్డిమోపులతో బరువుగా వస్తోంది. మాస్టారు లేచి నిలబడ్డారు. తాను లేకుండా తన పడవ నడుస్తోంది.

ఒడ్డుకి తగలగానే ఎలీసమ్మ దూకి, భుజం నొక్కుకుంది.

"ఎలా ఉందమ్మా?" అని అడిగారాయన.

"ఏం పడవండి బాబూ! ఎడం పక్కకి లాగేత్తందండి. చుక్కాని చాల్లేదండి, పట్టుకునేసరికి జబ్బ పడిపోయింది. గాలి ఇంకాస్త గట్టిగా ఉంటే పోయి ఇసకలో ఎక్కేద్దును."

కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయని చెప్పబోయి ఆగిపోయారు మాస్టారు. మూడేళ్ళు ప్రతి అంగుళం నిమిరిన పడవ. అది ఎడమకి లాగుతుందని ఆయనకి తెలియదు. ఎంత గాలికి లాగుతోంది, మోపులు ఏ పక్క వేశావు, తెరచాప ఎంతదాకా ఎత్తావు అని ఒకటే ప్రశ్నలు. ఎలీసమ్మ గడ్డి దించుతూ విసుక్కుంటూ అన్నిటికీ జవాబు చెప్పింది. జేబులో కాగితం లేక, ఆయన తడి ఇసుకలో కర్రపుల్లతో చుక్కాని గీసి, చెరిపి, ఇంకొంచెం వెడల్పుగా గీశారు.

ఇంటికి చేరేసరికి రెండు దాటింది. సరోజినమ్మ గుమ్మంలోనే ఎదురైంది. ఆయన మొహం చూడడానికి భయపడుతూ, "ఏవందండీ ఎలీసమ్మ?" అని అడిగింది.

"తిట్టింది," అన్నారు మాస్టారు. నవ్వు ఆపుకోవడం ఆయన వల్ల కాలేదు. "తొందరగా అన్నం పెట్టు సరోజినీ. చుక్కాని పెద్దది చెయ్యాలి, రేపు పొద్దున్నే తనకి కావాలట."