రింగు లేని గేరు రాడ్డు

రాజోలులో కాలవగట్టున రేకుల షెడ్డు చిన్నబ్బాయి గారిది. ముప్పయ్యేళ్లుగా కార్లు బాగుచేస్తున్నారు. ఏ కారు వచ్చినా ముందు కళ్లు మూసుకుని గేర్లు వేసి చూస్తారు. "కళ్లు తెరిచుంటే చేతికి బద్ధకమండీ" అంటారు అడిగినవాళ్లతో.

ఆ పొద్దున భవానీదేవి తన పాత కారులో వచ్చి, సంచిలోంచి కారుతో వచ్చిన అసలు గేరు రాడ్డు, దాని తోలు తొడుగు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవే మళ్లీ బిగించెయ్యండి బాబాయ్ గారూ. మా తమ్ముడు నాగసతీష్ సోకుకి పొట్టి రాడ్డు వేయించేడు, గాజు గుండుతో. తన కారుకీ అదే. గేరు మొరాయిస్తోందిరా అంటే, అలవాటైపోద్దిలే అక్కా అంటాడు. ఇందాకే పిల్లల్నేసుకుని నర్సాపురం పెళ్లికెళ్లేడు, సఖినేటిపల్లి రేవులో కారుతో సహా పంటెక్కి గోదారి దాటతాడు."

"గాజు గుండా? పోన్లెండి, పిల్లలు గోళీలాడుకుంటారు."

ఆయన కారెక్కి, కళ్లు మూసుకుని ఒకటో గేరు వేశారు. కారు వెనక్కి కదిలింది.

ఆయన మళ్లీ నవ్వలేదు.

అసలు రాడ్డుకి మెడ దగ్గర ఒక రింగు ఉంటుంది. దాన్ని పైకి లాగితేనే రివర్స్ పడుతుంది. పొట్టి రాడ్డుకి అది లేదు; కాస్త వదులైతే చాలు, ఒకటో గేరు వెయ్యబోతే పక్కనున్న రివర్స్ పడుతుంది. తొడుగు ఊడదీశారు. లోపలి రబ్బరు కోసేసి ఉంది. కింద కుంకుమ కలిసిన తుప్పు, చీమలు.

"కొబ్బరినీళ్లు ఇక్కడ పోసేరా అమ్మా?"

"ఆయ్. రాడ్లు మార్చిన రోజే అప్పనపల్లిలో రెండు బళ్లకీ పూజ చేయించేడండి. గేరు మొదట్లో పొయ్యాలన్నాడు."

రబ్బరు ఉంటే ఆ నీళ్లు పైనుంచే జారిపోయేవి. రాడ్డుని పట్టి ఉంచే రెండు బోల్టుల్లో ఒకటి తుప్పుకి తెగిపోయింది. రెండోది వేళ్లతో తిప్పితే ఊడొచ్చింది.

"తమ్ముడికి ఫోన్ చెయ్యమ్మా. పంటు మీద బండి స్టార్ట్ చెయ్యొద్దను. తోయించుకుని దిగమను."

పంటు దిగడానికి ఒకటో గేరు వెయ్యాలి. కారు వెనకాల అడ్డు ఒక్క గొలుసే. గొలుసు అవతల గోదావరి.

ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తలేదు. ఆయన కొత్త బోల్టులు బిగించి, అసలు రాడ్డు నిలబెట్టి, తొడుగు అంచు నొక్కుతున్నారు. ఆమె అయిదోసారి కలిపింది. ఈసారి ఎత్తాడు.

"అక్కా, ఒడ్డుకొచ్చేసేం. ముందు బళ్లు దిగుతున్నాయి, మాదే ఆఖర్ది, గట్టు మీద ఎక్కాల్సినోళ్లు హారన్ కొడుతున్నారు. దిగేక చేత్తాను."

"ఒరేయ్, గేరు..."

కట్ చేసేశాడు. ఆమె మళ్లీ కలిపింది.

చిన్నబ్బాయి గారు కళ్లు మూసుకుని ఒకటో గేరు వేశారు. కారు ముందుకే కదిలింది. బ్రేకు తొక్కి, రాడ్డు మీద చెయ్యి అలాగే ఉంచి, ఆమె ఫోన్‌లోంచి అవతలి రింగు వింటూ కూర్చున్నారు. కళ్లు తెరవలేదు.