నేను లెక్కగట్టిన అరబ్బు తేదీ

సౌదీలో నేను పనిచేసింది ఏడు నెలలు. ఉప్పలగుప్తం టీకొట్లో చెప్పుకున్నది మాత్రం ఏడేళ్లు. షేకుగారి ఒంటె నేను పెడితేనే మేత ముట్టేదని కూడా చెప్పేవాణ్ణి.

పోయిన వేసవిలో, సౌదీలోనే ఇంటిపని చేసే మా పక్కింటి సత్యవతి సెలవుకొచ్చింది. తిరిగి వెళ్లాల్సిన గడువు వీసా కాగితంలో అరబ్బుల తేదీలో ఉంది.

“అన్నయ్యగారూ, ఇది మన లెక్కలో ఎప్పుడండీ? మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ చూసుకుని వెళ్లొచ్చాండీ?”

తెలియదంటే నా పరువేం కాను? వాళ్ల నెలకు ఇరవై తొమ్మిదో ముప్ఫయ్యో రోజులేనని తెలియక, ముప్ఫై ఒకటి చొప్పున వేళ్లమీద లెక్కేశాను.

“నిక్షేపంగా వెళ్లొచ్చమ్మా. ఫంక్షనయిన మర్నాడు బయల్దేరు.”

ఆమెను విమానాశ్రయం నుంచే వెనక్కి పంపేశారు. గడువు రెండు రోజుల కిందటే దాటిందట. ఉద్యోగం పోయింది.

పెట్టెతో ఆటో దిగిన ఆమెను చూసి వాళ్లాయన నామీదికొచ్చాడు. సత్యవతే అడ్డుపడింది.

“ఆయన్నేమీ అనకండి. అన్నయ్యగారు సరిగ్గానే చెప్పేరు. నేనే రోజులు తప్పు లెక్కెట్టుకున్నాను. అంతేనాండీ, అన్నయ్యగారూ?”

వీధంతా నావైపే చూస్తోంది.

“ఆయ్” అని తలూపాను.

నా జన్మలో ఆడిన అబద్ధాల్లో అంత చిన్నది ఇంకోటి లేదు. ఆమె ఎదురైతే నేనిప్పటికీ తల దించుకునేది దానికే.